తాళం పడ్డ వ్యాను గేటు దాటిన వైనం

అక్కణ్ణించి కాదమ్మా దుర్గా. సారె వండిన దగ్గర్నించి ఎత్తుకుంటే ఇది ఎప్పటికి తేలేను? గవ్వలు ఎవరు వత్తేరో, పాకం ఎవరు మాడ్చేరో అందరికీ తెలుసు. ఆ ఎర్ర టోపీ దగ్గర మొదలెట్టు. ఆఁ, రాసుకో. నేను నెమ్మదిగానే చెబుతాను, ఎలాగూ నా మాట కంటే నీ వేళ్ళే ముందు పరిగెడతాయి.

ఉండు, దానికి ముందు ఒక్క ముక్క రాయి, లేకపోతే ఎందుకెళ్ళేమో తెలీదు. మీ అక్క నాగదుర్గకి ఏడో నెల. అత్తోరిల్లు భీమవరం అవతల కొత్తగా కట్టేరే, చుట్టూ గోడ, ఒకటే గేటు, లోపల నాలుగు మేడలు, అందులో. సారె పట్టుకెళ్ళి, సీమంతం చేసి, పిల్లని పురిటికి మనింటికి తెచ్చేసుకోవాలి. ఆ రోజు తప్పితే మర్నాడు పిల్లకి తారాబలం లేదు. ఆ పైన పెద్దల పక్షాలు. అవి వెళ్ళేసరికి ఎనిమిదో నెల వచ్చేస్తది, ఎనిమిదిలో గడప దాటించరు. తొమ్మిదిలో ప్రయాణం వద్దని డాక్టరమ్మ ముందే చెప్పేసింది. అంటే ఆ పూట తేలేకపోతే ఇంక తేలేనట్టే. మీ అక్క ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, తాతా, ఇక్కడ ఏసీ చప్పుడే గానీ సముద్రం చప్పుడు లేదు, నిద్ర పట్టట్లేదు అని. మీ నాయనమ్మ అప్పటికే మంచం కిటికీ పక్కకి జరిపించేసింది. మిట్ట మధ్యాహ్నం వర్జ్యం వస్తది, అది రాకుండా పిల్లతో గేటు దాటెయ్యండి అని పంతులుగారు మరీ మరీ చెప్పేరు.

మీ నాన్న వ్యాను తోలేడు. అందులో నేను, మీ అమ్మ, మా అక్క, వెనకాల సారె. మా అక్కంటే మీ రత్నం మామ్మ అని రాయి, లేకపోతే ఏ అక్కో తెలీదు. మనోళ్ళు ఇంకో ఆరుగురు బళ్ళ మీద వచ్చేరు. గేటు కాడ పేరు రాయించుకుని లోపలికి వదిలేరు. లోపల నేలంతా పసుపు గీతలే. గీతకీ గీతకీ మధ్య కారు, గీతకీ గీతకీ మధ్య కారు. ఎక్కడా సందు లేదు. ఒక్కచోట మాత్రం ఖాళీగా ఉంది, మెట్ల పక్కనే, చక్కగా నీడలో. దాని మధ్యలో ఎర్ర ప్లాస్టిక్కు టోపీ ఒకటి బోర్లించి ఉంది.

ఇప్పుడు నువ్వే చెప్పు. మన రేవులో అయినోళ్ళ తెప్ప వస్తందంటే ఏం చేస్తాం? వాళ్ళు ఎక్కించే చోట ఇసకలో తెడ్డు పాతుతాం. ఈ జాగా ఫలానా వాళ్ళకి ఉంచేం, ఇంకెవరూ రాకండి అని. వచ్చినోళ్ళు ఆ తెడ్డు తీసి పక్కన పెట్టి తెప్ప ఎక్కించుకుంటారు. తెడ్డు చూసి కూడా పక్కకెళ్ళి ఎక్కించేరంటే పాతినోళ్ళని తక్కువ చేసినట్టు. నేను ఆ టోపీ చూడగానే మీ నాన్నతో అన్నాను, చూసేవా, సత్యకుమారి గారిది ఎంత మర్యాదో, మనకోసం జాగా ఆపించేరు అని. సత్యకుమారి గారంటే మీ అక్క అత్తగారు, అదీ రాయి. మీ రత్నం మామ్మ అయితే కొంగుతో కళ్ళొత్తుకుంది, టౌన్లో ఉన్నా మనోళ్ళు మనోళ్ళే అని. నేనే దిగి, ఆ టోపీని రెండు చేతుల్తోనూ ఎత్తి, గోడకి ఆనించి పెట్టేను. మీ నాన్న గీత మీద చక్రం పడకుండా వ్యాను ఎంత బాగా సర్దేడనుకున్నావు.

ఆ జాగా సత్యప్రసాద్ గారిదంట. ఆయన ఆ మేడల సంఘానికి సెక్రెటరీ, కాలేజీలో లెక్కలు చెబుతారు. ఒకళ్ళ జాగాలో ఇంకొకళ్ళు బండి పెడితే చక్రానికి తాళం వేసెయ్యాలని మీటింగులో పట్టుబట్టి, బయటి కంపెనీ వాళ్ళని తెచ్చి పెట్టింది కూడా ఆయనే. ఇవన్నీ మాకు తరవాత తెలిసేయి. అప్పటికి మాకు తెలిసింది టోపీ ఒక్కటే.

పైకెళ్ళేం. సీమంతానికి ముందు సారె పంచాలి కదా. ఆడోళ్ళు నాలుగు మేడలూ తిరిగేరు. మీ రత్నం మామ్మ లిఫ్టు ఎక్కనంటే ఎక్కనంది, ఒక్కసారి ఎక్కేక దిగనంటే దిగనంది. పళ్ళెం పట్టుకుని అందులోనే నిలబడి, తలుపు తెరుచుకున్నప్పుడల్లా ఎవరు కనిపిస్తే వాళ్ళ చేతిలో రెండు కాజాలు పెట్టి, మా పిల్లని తీసుకెళ్తన్నాం అని చెప్పటం, తలుపు మూసుకోవటం. ఆ మేడల్లో ఒకళ్ళ పేరు ఒకళ్ళకి తెలీదంట. మీ మామ్మకి మాత్రం గంట తిరక్కుండా ఎవరికి షుగరో కూడా తెలిసిపోయింది. కింద గార్డుకి కూడా పెట్టింది. అతని పేరు జానకిరామ్. పక్కా మర్యాదస్తుడు, నోరు తెరిస్తే అండీ. ఆ తాళాల కంపెనీ మనిషి అతనే.

సీమంతం బాగా జరిగింది. గాజులు వేసేరు, ఒళ్ళో సలివిడి పెట్టేరు. మీ బావ గణేష్‌బాబు లేడు పాపం, ఆ తెల్లారే చెరువులో రొయ్యల పట్టుబడి పెట్టేరు, లారీ వచ్చి నిలబడిపోయింది, ఇంక కదల్లేనన్నాడు. అంచేత అన్నీ సత్యకుమారి గారే చూసుకున్నారు. అన్నీ సరిగ్గా చేసేరు గానీ, మనిషి ఎవరితోనూ మాట్లాడలేదు. పెట్టె సర్దుతా, అందులోంచి చీర తీసి మళ్ళీ మడత పెడతా, మళ్ళీ తీస్తా. ఎండు రొయ్యలు ఎక్కువ పెట్టకండి, పిల్లకి వేడి చేస్తది అని ఒక్క మాట అన్నారు, అంతే. నాకెందుకో ఆవిడకి పిల్లని పంపటం ఇష్టం లేదేమో అనిపించింది.

టైముందిలే అనుకుంటానే కిందికి దిగేం. పిల్లని జాగ్రత్తగా నడిపించుకొచ్చి వ్యాను వెనక సీట్లో కూచోబెట్టేరు, ఒళ్ళో సలివిడి మూట. హారతి ఇచ్చేరు. మీ నాన్న స్టార్ట్ చేసి బ్రేకు వదిలేడు. వ్యాను ఓ మూలిగి, ముక్కు ఓ పక్కకి తిప్పి ఆగిపోయింది. మళ్ళీ తొక్కేడు. మళ్ళీ మూలిగింది. నేను దిగి అటు పక్కకెళ్ళి చూద్దును కదా, ముందు చక్రానికి పసుపు రంగు ఇనప పంజా ఒకటి. పెద్ద పీత డెక్కలాగ పట్టేసింది.

జానకిరామ్ వచ్చేడు, చేతులు కట్టుకుని. తప్పు పార్కింగండి, సెక్రెటరీ గారు కంప్లైంట్ ఇచ్చేరండి, నా డ్యూటీ అండి అన్నాడు. అతని చేతిలో ఇంకా సగం కాజా ఉంది. మీ రత్నం మామ్మ చూసింది ఆ కాజా వంక.

"మా కాజా తిని తాళం వేసేవా, తాళం వేసి కాజా తిన్నావా, అది చెప్పు నాయనా."

"వేస్తన్నప్పుడే మీరు పెట్టేరండి" అన్నాడు పాపం, "ఒక చేత్తో తింటా ఇంకో చేత్తో వేసేనండి."

నేను ఆ టోపీ సంగతి చెప్పేను. మా కోసం పెట్టేరనుకున్నాం బాబూ అన్నాను. అతను అలా నోరు తెరుచుకు చూసి, దాన్ని కోను అంటారండి, అది పెట్టొద్దని చెప్పటానికండి అన్నాడు. పెట్టమని చెప్పటానికి ఏం పెడతారు మరి అని అడిగేను. ఆలోచించేడు. అలాంటిది లేదండి అన్నాడు.

సరే, తప్పు మనదే, మీ నాన్న అక్కడికక్కడ ఫోన్లోనే జరిమానా కట్టేసేడు. కట్టినట్టు ధన్యవాదాలని కూడా వచ్చింది. ఇంక తియ్యి అన్నాం. తాళంచెవి నా దగ్గరుండదండి అన్నాడు జానకిరామ్. అంతకు ముందున్న గార్డు మొహమాటానికి అందరికీ తీసేస్తన్నాడని, చెవులన్నీ సూపర్వైజరు దగ్గరే పెట్టేరంట. ఆ సూపర్వైజరు పేరు శ్యాంబాబు. ఊళ్ళో ఉన్న ఇలాంటి మేడలన్నిటికీ ఆయనొక్కడే, బండి మీద తిరుగుతా ఉంటాడు. ఫోన్ చేస్తే రైల్వే గేటు కాడున్నానన్నాడు. గూడ్సు వచ్చి గేటు మధ్యలో ఆగిపోయిందంట. ఎప్పుడు కదులుతుంది అంటే, నేను డ్రైవర్ని కాదు కదండీ అన్నాడు.

అప్పుడు మీ అమ్మ అంది, ఆటో పిలుద్దాం అని. ఆ మాట అనగానే మీ రత్నం మామ్మా, సత్యకుమారి గారూ ఇద్దరూ ఒకేసారి వద్దన్నారు. ఆ రోజు మొత్తానికి వాళ్ళిద్దరూ కలిసి అన్న మొదటి మాట అదే. ఎందుకంటే మన ఇళ్ళల్లో ఒళ్ళో సలివిడితో బండెక్కిన పిల్ల మళ్ళీ కిందకి దిగకూడదు. దిగిందంటే ప్రయాణం ఆగిపోయినట్టే, మళ్ళీ మంచిరోజు చూడాలి. మంచిరోజులేమో అయిపోయాయి. పిల్ల దిగకూడదు, వ్యాను కదలదు. వర్జ్యం మాత్రం వచ్చేస్తంది.

ఇంకో సంగతి చెప్పడం మర్చిపోయేను, రాసుకో. అక్కడే దారి మధ్యలో పెద్ద కారొకటి మేం పైకెళ్ళిన కాసేపట్నించీ స్టార్టింగులోనే ఉంది. అందులో ఉన్నది సత్యప్రసాద్ గారే. తన జాగాలో మన వ్యానుంది కదా. ఇంకెక్కడన్నా పెట్టుకోవచ్చు గానీ, ఆయన జాగా కాని చోట ఆయన పెడితే జానకిరామ్ ఆయనకీ తాళం వెయ్యాలి. ఆ రూలు పెట్టించింది ఆయనే. అంచేత దిగలేక, పెట్టలేక, ఏసీ వేసుకుని సీటుకి అతుక్కుని కూచున్నారు. వాళ్ళావిడ పైనించి క్యారేజీలో టిఫిను పంపింది. కారు అద్దం దించి ఇడ్లీ తింటా, మీ వ్యాను ఎప్పుడు తీస్తారండీ అని మమ్మల్నే అడుగుతన్నారు. తియ్యనివ్వట్లేదు కదండీ మీ తాళం అన్నాను. నిజమేనండి అని మళ్ళీ అద్దం ఎక్కించుకున్నారు.

సత్యకుమారి గారు వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డారు. దిగిపో తల్లీ, ఇక్కడే పురుడు పోద్దాం, నేను లేనా, దేవుడు ఇలా రాసిపెట్టేడు అన్నారు. మీ అక్క సలివిడి మూట గట్టిగా పట్టుకుని నా వంక చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చిన్నప్పుడు నేను వేటకెళ్తంటే ఒడ్డు మీద నిలబడి అలాగే చూసేది, నన్నూ తీసుకెళ్ళు తాతా అని.

నేను ఆ తాళం చుట్టూ ఓ తిరుగు తిరిగేను. అద్దం మీద వైపరు కింద ఓ కాగితం పెట్టి ఉంది. చదవమన్నాను జానకిరామ్‌ని. తాళం పగలగొట్టరాదు, తాళం ఉండగా బండి నడపరాదు అని చదివేడు.

"ఎత్తరాదు అని ఉందా?" అన్నాను.

అతను మళ్ళీ చదివేడు. కాగితం వెనక్కి కూడా తిప్పి చూసేడు.

"లేదండి."

అదమ్మా సంగతి. తెప్ప ముక్కు ఇసకలో కూరుకుంటే ఏం చేస్తాం? ముక్కు కింద మోకు వేసి, మోకు వెదురుకి కట్టి, రెండు పక్కలా భుజాలు పెట్టి లేవనెత్తుతాం. తోక తనంత తనే జారతాది. దీనికీ తాళం ఉన్నది ముక్కుకే. వెనక చక్రాలు ఖాళీ. వినాయకుడి పందిరి విప్పిన వెదుళ్ళు గోడ పక్కన పడున్నాయి, మోకు మన వ్యానులో ఎప్పుడూ ఉంటది. మీ నాన్న గేరు తీసి స్టీరింగ్ పట్టుకున్నాడు. నేను మోకు కట్టేను. ఆ ముడి వేస్తన్నప్పుడు నన్నెవరూ చూడొద్దన్నాను గానీ, ఎవరూ చూడకపోయినా మూడుసార్లు జారిపోయింది.

మన ఆరుగురూ చాలరు. అప్పుడు మీ రత్నం మామ్మ మేడల వంక తిరిగి ఓ కేక వేసింది, కాజా తిన్నోళ్ళందరూ కిందకి రండి అని. అమ్మాయ్, నవ్వకు, రాయి. బాల్కనీల్లోకి జనం వచ్చేరు. ముందు బ్యాంకులో పనిచేసే ఒకాయన వచ్చేడు, పంచె మీదే. తరవాత జిమ్ముకెళ్ళే కుర్రోళ్ళు ఇద్దరు, వాళ్ళు వస్తానే చొక్కాలు విప్పేసేరు, ఎవరూ విప్పమనకుండానే. ఓ మేష్టారు వచ్చి, నాకు నడుం నొప్పి, లెక్కపెడతాను అన్నాడు. ఆడోళ్ళు వెనకాల తొయ్యడానికి వచ్చేరు. ఎదురెదురు తలుపులోళ్ళు ఇద్దరు, మీరు ఆ ఫ్లాటా, మీరు ఈ ఫ్లాటా అని వెదురు కిందే పరిచయాలు చేసుకున్నారు.

జానకిరామ్ మాత్రం అడ్డంగా నిలబడ్డాడు. బండి మీదండి, తాళం మాదండి, అది గేటు దాటితే నా ఉద్యోగం పోతదండి అన్నాడు. నువ్వు వదలకు బాబూ, దానితో పాటే నువ్వూ రా అన్నాను. సరేనండి అని వంగి, ఆ పసుపు పంజాని రెండు చేతుల్తోనూ పట్టుకున్నాడు, నేలకి గీరుకోకుండా. దూడ కాలు పట్టుకున్నట్టు వంగే నడిచేడు గేటు దాకా.

ఎత్తేం. ఎత్తేమంటే ఎత్తలేదు ముందు. మేష్టారు వన్ టూ త్రీ అన్నాడు. జిమ్ము కుర్రోళ్ళు టూకే ఎత్తేసేరు, బ్యాంకాయన త్రీ అయిపోయాక ఎత్తేడు, మనోళ్ళు అసలు ఎత్తలేదు, వాళ్ళకి తెప్ప పాటలోలాగ ఏసెయ్ అంటేనే గానీ భుజం లేవదు. వ్యాను ఓ పక్క లేచి ఓ పక్క పడింది. లోపల మీ అక్క నవ్వటం మొదలెట్టింది. ఆ పిల్ల నవ్వుతా, పొట్ట పట్టుకుని, వద్దు తాతా వద్దు, నవ్వించకండి అంటది, మళ్ళీ నవ్వుతది. అప్పుడు మీ రత్నం మామ్మ ముందుకొచ్చి పాట అందుకుంది. ఇంకో జానా అని ఆవిడ అంటే ఏసెయ్ అని అందరూ అనాలి, అన్నప్పుడే కదలాలి. రెండోసారికి కుదిరింది. వ్యాను ముక్కు మోకాలెత్తు లేచింది. సత్యప్రసాద్ గారు కారు వెనక్కి తీసి దారిచ్చేరు. ఇంకో జానా, ఏసెయ్. ఇంకో జానా, ఏసెయ్. పిల్లలు పక్కనే పరిగెడతన్నారు. పైనించి ఎవరో పూలు కూడా వేసేరు, దేనికనుకున్నారో మరి, వినాయకుణ్ణి ఇంకోసారి తీసుకెళ్తన్నారనుకున్నారేమో.

గేటు ముందు ఎత్తు ఒకటి ఉంది చూసేవా, బళ్ళు నెమ్మదిగా వెళ్ళాలని కట్టింది. అక్కడ ఆగిపోయేం. ముందు భాగం దాటింది, వెనక చక్రాలు ఆ ఎత్తుకి ఆనుకుని మొరాయించేయి. అందరికీ ఊపిరి అయిపోయింది. మీ మామ్మ గొంతు నవ్వీ నవ్వీ బొంగురుపోయింది, పాట రావట్లేదు. మేష్టారు మళ్ళీ వన్ టూ అన్నాడు, అందరూ కలిసి ఆయన్ని ఆపేరు. బ్యాంకాయన గడియారం చూసి, వర్జ్యం దగ్గర పడిందండి అన్నాడు. ఆయనకీ ఎక్కేసింది అప్పటికి. గేటు ఇంకో బారెడు దూరంలో ఉంది. ముక్కు దింపేస్తే మళ్ళీ ఎత్తలేం, అది నాకు తెలుసు.

అప్పుడు మీ అక్క అద్దంలోంచి తల బయటపెట్టింది. సత్యకుమారి గారు హారతి పళ్ళెం పట్టుకుని పక్కనే వస్తన్నారు, ఎవరినీ చూడకుండా.

"అత్తయ్యగారూ, ఆయనేమో చెరువుల మీదే ఉంటారు. ఆ ఇంట్లో మీరొక్కరూ ఏం చేస్తారు? మీరూ ఎక్కండి."

ఆవిడ ఆగిపోయేరు. చూడు దుర్గా, నేను పొద్దుట్నించి అనుకుంటన్నాను, ఈవిడకి మనమంటే చులకన, పిల్లని పంపటం ఇష్టం లేదు అని. అది కాదు. ఆ మేడలో ఆవిడతో మాట్లాడే మనిషి మీ అక్క ఒక్కత్తే. అంతే. ఆవిడ మీ అక్క వంక చూసేరు, ఆ నాలుగు మేడల వంకా చూసేరు. పళ్ళెం మీ అమ్మ చేతికిచ్చేరు. కొంగు తీసి నడుముకి చుట్టి, బొడ్లో దోపుకున్నారు. వ్యాను ముందుకొచ్చి నిలబడి, మా అందరి మొహాల్లోకీ చూసి, గొంతెత్తేరు.

"ఇంకో జానా."

అమ్మో, ఆ గొంతు. ఆవిడ పుట్టిల్లు కూడా రేవేనంట అంతర్వేది పక్క, వాళ్ళ నాన్న పెద్దవల లాగేవాడంట, మనకెవరికీ చెప్పలేదు. ఏడు తెప్పల అవతలికి వినిపించే గొంతు. ఏసెయ్ అన్నాం. ఇంకో జానా అన్నారు. గేటు కాడ రాసుకునేవాడు కూడా ఏసెయ్ అన్నాడు. అప్పుడే వెనకాల కారు తలుపు పడిన చప్పుడైంది. సత్యప్రసాద్ గారు, తెల్ల చొక్కా, చేతికి చట్నీ, పరిగెత్తుకొచ్చి నా పక్కనే వెదురు కింద భుజం పెట్టేరు. తన జాగా ఖాళీ అయిపోయింది కదా, కారు వెళ్ళి అందులో పెట్టుకోవచ్చు. పెట్టుకోలేదు, దారిలోనే వదిలేసి వచ్చేసేరు. అంత గట్టిగా అరవటం ఆయనకి అలవాటు లేదనుకుంటా, ఏసెయ్ అని ఒక్కటే అన్నారు, గొంతు పిల్లాడి గొంతులా వచ్చింది. వెనక చక్రాలు ఎత్తు ఎక్కేయి, దిగేయి, వ్యాను గేటు దాటేసింది. దాటేక కూడా ఎవరూ ఆగలేదు, ఊపు మీద ఎదురుగా ఉన్న కొబ్బరి బొండాల బండి దాకా మోసుకెళ్ళిపోయేం. ఆపండి బాబూ, నన్నూ ఎత్తేస్తారేంటి అన్నాడు బొండాలవాడు.

దింపేం. బ్యాంకాయన గడియారం చూసి, వర్జ్యానికి ముందేనండి అన్నాడు. ఇంక ఆ నవ్వులు ఏం చెప్పను. జిమ్ము కుర్రోళ్ళు రోడ్డు మీద కూలబడి నవ్వుతున్నారు. జానకిరామ్ ఇంకా వంగే ఉన్నాడు, నడుం పట్టేసి లేవలేక, చేతిలో తాళం.

అప్పుడొచ్చేడు శ్యాంబాబు, బండి మీద, తాళంచెవుల గుత్తి ఊపుకుంటా. వ్యాను చూసేడు, తాళం చూసేడు, తాళం పట్టుకున్న జానకిరామ్‌ని చూసేడు. తరవాత ఫోన్ తీసి, తియ్యాలంటే బండి ఆ గీతల మధ్య ఉండగా ఫోటో దిగాలండి, అప్పుడే ఫోన్ ఒప్పుకుంటది, ఒక్కసారి మళ్ళీ లోపల పెట్టండి, తీసేస్తాను అన్నాడు.

అమ్మాయ్, నువ్వు నవ్వుతా రాస్తే అక్షరాలు తప్పు పడతాయి. ఊరుకో. మేమూ అలాగే నవ్వేం. ఎవరి భుజం మీద ఎవరు పడి నవ్వుతున్నారో తెలీదు, కొంతమంది ఏడ్చేసేరు కూడాను. సత్యప్రసాద్ గారు ఒక్కరే నవ్వలేదు. చొక్కా సర్దుకుని, ముందుకొచ్చి నిలబడ్డారు.

"గేటు బయట ఏ బండి మీదా మీకు అధికారం లేదు. ఆ రూలు రాసింది నేనే. తియ్యండి."

తీసేడు. జానకిరామ్ ఉద్యోగం సంగతి కూడా ఆయనే మాట్లాడేరు, తాళం ఎక్కడికీ పోలేదు కదా, మనిషి వదల్లేదు కదా అని. మీ రత్నం మామ్మ ఊరుకోదు కదా, వెదురుకి భుజం పెట్టినోళ్ళందరికీ పాలు, అదే వాటా, ఇవ్వాలంది. మోకు పట్టినోడికి చేప పాలు ఇవ్వకపోతే మళ్ళీ సముద్రం ఇవ్వదు. మేం తెచ్చిన రొయ్యల పెట్టె సత్యకుమారి గారింట్లోనే ఉంది, ఆవిడే జిమ్ము కుర్రోళ్ళని పంపి తెప్పించి, అక్కడే రోడ్డు మీద, కొబ్బరాకు మీద కుప్పలు పోసి పంచేరు. సత్యప్రసాద్ గారు తినరంట, ఆయనకి సున్నుండలు. శ్యాంబాబు నిలబడి చూస్తంటే, భుజం పెట్టలేదు కదా నువ్వు అంది మీ మామ్మ. కొట్టినట్టు మొహం పెట్టేడు. పోనీలే అని రెండు గవ్వలిచ్చింది.

ఆ సందట్లో సత్యకుమారి గారు వ్యానెక్కి మీ అక్క పక్కన కూచున్నారు. ఎవరూ చూడలేదు, ఎవరూ పిలవలేదు, ఎక్కి కూచుని తలుపు వేసుకున్నారు. బట్టల్లేవు, ఫోన్ లేదు, తలుపు తాళం బ్యాంకాయన భార్యని వెయ్యమన్నారంట. మీ నాన్న వెనక్కి తిరిగి చూసి ఏదో అనబోతే, పోనివ్వు బాబూ, ఒళ్ళో సలివిడితో ఉన్న పిల్ల పక్కన ఎక్కేను, నేనూ దిగకూడదు అన్నారు. అలాంటి ఆచారం ఏం లేదు. మీ రత్నం మామ్మకి కూడా తెలుసు లేదని. ఉంది ఉంది అంది.

మొగల్తూరు దాటి మన రేవు దారి పట్టేక మీ అక్క అద్దం దించేసింది. ఇద్దరూ గాలికి ఎదురు కూచుని సముద్రం చప్పుడు విన్నారు. ఇంట్లో అడుగు పెట్టగానే కిటికీ పక్క మంచం ఎక్కి పడుకుంది పిల్ల. ఇదిగో ఇప్పుడు కూడా నిద్రే. నువ్వు కాస్త నెమ్మదిగా నవ్వు.

సత్యకుమారి గారు మీ నాయనమ్మతో వాకిట్లో కూచుని వల బాగు చేస్తన్నారు. మర్చిపోయేననుకున్నాను, చేతులు మర్చిపోలేదు అంటన్నారు. ఎప్పుడెళ్తారో అడగొద్దు. నేను అడగలేదు.

ఇంక ఇది మీ బావ గణేష్‌బాబుకి ఫోన్ చేసి చదువు. ఆ రోజు పట్టుబడి చూసుకుని పాపం ఆకలి మీద ఇంటికొస్తే పెళ్ళామూ లేదు, తల్లీ లేదు, తలుపు పక్కింటోళ్ళు వేసేరు, కిందేమో జనం రోడ్డు మీద రొయ్యలు పంచుకున్నారు. ఏం జరిగిందని ఇక్కడ ఎవర్ని అడిగినా నవ్వు ఆగక ఫోన్ పెట్టేస్తన్నారంట. వాళ్ళమ్మని అడిగితే ఆవిడా అంతే. నువ్వు నవ్వకుండా, మొదట్నించి చివరిదాకా, నెమ్మదిగా చదివి వినిపించు. వాళ్ళమ్మ గొంతెత్తిన దగ్గర మాత్రం కాస్త గట్టిగా చదువు, వాడు ఆ గొంతు ఎప్పుడూ విని ఉండడు.